సుభద్ర రాజీనామా

పోయిన క్రిస్మస్‌కి మా అక్క మనవరాలు జెస్సీ వచ్చి మా ఇంట్లో పది రోజులుంది. సెలవు పెట్టి రాలేదు. ఉద్యోగాన్ని సంచిలో పెట్టుకుని వచ్చింది. గోవింద్‌పూర్‌లో మా వరండాలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని పొద్దస్తమానం టకటకలాడిస్తూ ఉండేది. ఒకరోజు నేను నూనెలో పిండితో గులాబీ పువ్వులు వేసి, చల్లారబెడదామని పళ్ళెం వరండాలోకి తెచ్చి, ఊరికే ఆ తెర వైపు చూశాను. నల్లటి తెర. పచ్చటి అక్షరాలు. ప్రతి వరస మొదట్లోనూ పక్కపక్కనే రెండు ఏటవాలు గీతలు. ఎప్పుడో వేరుపడి వెళ్ళిపోయిన తోటికోడలు బజార్లో ఎదురుపడ్డట్టయింది నాకు. పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఇదేటే జెస్సీ?"

"మెయిన్‌ఫ్రేమ్ హై నానీ," అంది తల ఎత్తకుండా. "బహుత్ పురానీ చీజ్. ఛోడో, ఆప్ నహీ సమ్ఝోగీ."

"నాకు అర్దం కాకపోతే పోనీ గాని, ఆ మూడో వరసలో కామా మర్సిపోనావు. పంపితే తిప్పి కొట్టీస్తాది సూడు."

పిల్ల నవ్వి, మీట నొక్కింది. తిప్పి కొట్టింది. అప్పుడు తలెత్తింది. పుట్టినప్పటి నుంచీ దానికి తెలిసిన నేను పిండివంటలు చేసే మనిషిని, మందులు వేళకి వేసుకోని మనిషిని. మెయిన్‌ఫ్రేమ్ అనే ఆ పెద్ద యంత్రాలతో పాతికేళ్ళకు పైగా కాపురం చేశానని దానికెవరూ చెప్పలేదు. ఆ పూట పని మూసేసి, గులాబీ పువ్వుల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, "బతావో నానీ, షురూ సే," అని, మొదటి నుంచీ చెప్పమని కూర్చుంది. దానికి చెప్పినదే ఇక్కడా రాస్తున్నాను. ఇందులో ఒక మేక వస్తుంది. మేకను వదిలేసి ఆ యంత్రాల చరిత్ర చెప్పడం నాకు చేతకాదు.

అప్పుడు మేము బాగ్‌బేరాలో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న టాటానగర్ యార్డులో షంటింగ్ పని చేసేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంటిని నడిపేది మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ. తెల్లవారగానే మామ్మ బొగ్గుల పొయ్యి రాజేసి వాకిట్లో పెట్టేది. ఆ పొయ్యి పొగ, యార్డులో ఇంజన్ల పొగ, పక్కింటి ఒడియా వాళ్ళు పోపులో వేసే పంచఫుటన్ వాసన, మూడూ కలిసి మా ఇంట్లోకి వచ్చేవి. ఇవాళ్టికీ ఎక్కడైనా రాక్షసిబొగ్గు వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. పొయ్యి రాజుకునేలోగా మామ్మ పెరట్లోకెళ్ళి మేక పాలు పితికేది. ఆ మేకను పక్కింటి ఒడియా ఆవిడ దగ్గరే కొన్నాం. సుభద్ర అనే పేరు మేం పెట్టింది కాదు, పేరుతోనే వచ్చింది. దానికో పద్ధతుండేది. మామ్మ కీర్తన అందుకుని మూడో చరణానికి వస్తే గాని చుక్క పాలు విడిచేది కాదు. మామ్మకి గొంతు పట్టేసిన రోజు మాకందరికీ వట్టి డికాక్షనే.

నాకు పంతొమ్మిదో ఏట ఊళ్ళో ఒక కార్ఖానాలో ఉద్యోగం వచ్చింది. కార్ఖానా పేరు రాయను. నా మీద వాళ్ళకింకా మంచి అభిప్రాయమే ఉంది, చివర్లో ఆ సంగతి కూడా చెబుతాను. ఆ కార్ఖానా వాళ్ళు అప్పుడే విదేశంలో ఎవరో వాడి వదిలేసిన పెద్ద కంప్యూటరును తెప్పించుకున్నారు. కార్డుల మీద చిల్లులు కొట్టే అమ్మాయిలు కావాలన్నారు. నాకు టైపు వచ్చు, అందుకని తీసుకున్నారు. ఆరు నెలలు పరీక్ష మీద ఉంచి, నచ్చితే ఖాయం చేస్తారు. మా వంశంలో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం అదే మొదటిది. నాన్న ఆ సంగతి యార్డులో ఉన్న ప్రతి డ్రైవరుకీ, గార్డుకీ చెప్పాడు. ఆగి ఉన్న గూడ్సు బండికి కూడా చెప్పి ఉంటాడని మామ్మ అనేది.

ఇప్పటి పిల్లలకు ఆ యంత్రం ఎంతుండేదో చెప్పినా నమ్మరు. మా క్వార్టరంతా తీసుకెళ్ళి దాని పక్కన పెడితే ఇంకో బీరువా అనుకుంటారు. ఒక బీరువాలో దాని మెదడు, ఇంకో నాలుగు బీరువాల్లో పెద్ద పెద్ద చక్రాల మీద చుట్టిన టేపులు, ఒక మూల కార్డులు మింగే పెట్టె, ఇంకో మూల కాగితం చాంతాడులా కక్కుతూ ఊరంతా వినబడేలా అరిచే ప్రింటరు. ఇంత చేసి, దానికున్న జ్ఞాపకశక్తి ఇప్పుడు జెస్సీ చేతి గడియారానికున్న దాంట్లో వెయ్యోవంతు కూడా ఉండదట. మనం చెప్పదలచుకున్నదేదైనా అట్టముక్కలాంటి కార్డు మీద చిల్లులు కొట్టి చెప్పాలి. ఒక్కో కార్డులో ఎనభై అక్షరాలు పడతాయి. ఎనభై ఒకటోది పట్టదు, ఎంత బతిమాలినా.

యంత్రానికి వేడి పడదు. ఊరంతా మే నెలలో ఉడికిపోతుంటే ఆ గదిలో మాత్రం పుష్యమాసం. దుమ్ము కూడా పడదు, అందుకని చెప్పులు బయట విప్పి మేజోళ్ళు వేసుకుని లోపలికి వెళ్ళాలి. ఆ గదికి పెద్ద ఘోషాల్ బాబు. మనిషి బక్కగా, గది లోపల ఏడాది పొడుగునా కోతిటోపీ పెట్టుకుని, మెడకు మఫ్లరు చుట్టుకుని ఉండేవాడు. బయటికి రాగానే అవి విప్పడం మరిచిపోయి, మండుటెండలో అలాగే క్యాంటీనుకు నడిచేవాడు. ఆయన మాట్లాడేది బెంగాలీ కలిసిన హిందీ. నేను తెలుగులో రాస్తున్నాను, అర్థం చేసుకోండి.

యంత్రంలో ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది సిస్టమ్. అంటే ఆపరేటింగ్ సిస్టమ్. అంతకు ముందు రోజుల్లో ఒక పని అయ్యేదాకా మనిషి పక్కనే నిలబడి, అది అవగానే రెండో పని చేత్తో ఎక్కించేవాడట. ఈలోగా అంత ఖరీదైన యంత్రం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేది. సిస్టమ్ వచ్చాక కార్డుల కట్టలన్నీ ఒకేసారి పడేస్తే, ఎవరిది ముందు, ఎవరిది వెనక, ఎవరికి టేపు ఇవ్వాలి, ఎవరిని ప్రింటరు దగ్గర ఆపాలి అన్నది అదే చూసుకుంటుంది. మొదట్లో రెండు ఏటవాలు గీతలున్న కార్డులు దానికి పెట్టుకునే అర్జీలు. ఒక్క కామా తేడా ఉన్నా అర్జీ వెనక్కి వస్తుంది. ఇదంతా ఇంటికొచ్చి మామ్మకి చెబితే, చాట పక్కన పెట్టి శ్రద్ధగా విని, "ఓస్, అంతేనేటే! మన కొళాయి కాడ పోలమ్మ సేసీ పనే గదా!" అంది. పోలమ్మ మా లైనులో కొళాయి దగ్గర బిందెల వరస చూసే మనిషి. మర్నాడు ఈ మాట ఘోషాల్ బాబుకి చెప్పాను. ఆయన టోపీ సర్దుకుని కాసేపు ఆలోచించి, పోలమ్మ ఏం చదువుకుంది అని అడిగాడు.

కొత్తలో చేతికి వేగం రావడానికి ఖాళీ దొరికినప్పుడల్లా మా ఇంటివాళ్ళ పేర్లు కొట్టుకునేదాన్ని. ఉద్యోగుల కార్డు ఎలా ఉంటుందో అచ్చం అలాగే, పేరు, టోకెను నంబరు, డిపార్టుమెంటు, చేరిన సంవత్సరం. నాన్న కార్డు, మామ్మ కార్డు ఇంటికి తెచ్చి చూపించాను. నాన్న తనది చొక్కా జేబులో పెట్టుకుని యార్డుకి వెళ్ళిపోయాడు. అదే ఊపులో మేకకీ ఒకటి కొట్టాను. సుభద్ర బి. బి అంటే బకరీ, హిందీలో మేక. టోకెను నంబరు నోటికొచ్చింది వేశాను. చేరిన సంవత్సరం దగ్గర మాత్రం, అది ఎప్పుడు పుట్టిందో తెలియదు కనక, ఖాళీ వదిలేశాను. అబద్ధం రాయడం ఎందుకని. ఆ కార్డు నా బల్ల మీదే ఉండిపోయింది.

అప్పుడు వచ్చింది క్వార్టర్ల సంగతి. కార్ఖానా వాళ్ళు కొత్తగా పంతొమ్మిది క్వార్టర్లు కట్టారు. అడిగినవాళ్ళు తొమ్మిదివందల మంది పైన. అంతకు ముందు ఆ వరసను గుమాస్తాలు రాసేవారు. ప్రతిసారీ పక్షపాతం అని గొడవ, గేటు దగ్గర నినాదాలు. ఈసారి యంత్రమే వరస తీస్తుందని, దానికి చుట్టాలూ పక్కాలూ లేరని, అది తప్పు చేయదని పెద్దల ముందు ఘోషాల్ బాబు మాటిచ్చి వచ్చాడు. సర్వీసు ఎవరికి ఎక్కువుంటే వాళ్ళు ముందు, అంతే. కార్డులన్నీ నేనే కొట్టాను. వారం పట్టింది.

కట్టను గదిలోకి తీసుకెళ్ళాల్సిన రోజు నా మేజోళ్ళు ఉతికినవి ఆరలేదు. నాన్నవి వేసుకుని వెళ్ళాను. రైల్వే వాళ్ళిచ్చిన ఊలు మేజోళ్ళు, మడమ దగ్గర ఉండాల్సింది నా పిక్క దగ్గరికి వచ్చింది. గదిలో నేల అద్దంలా ఉంటుంది. రెండడుగులు నడిచాను, మూడోది నేను వేయలేదు, అదే వేసుకుంది. నేను ఒక పక్కకి, ట్రే ఇంకో పక్కకి. తొమ్మిదివందల మంది ఉద్యోగులు గదంతా పరుచుకున్నారు. కొందరు టేపుల బీరువా కిందికి దూరారు. బయట నా బల్ల మీద కార్డులు కూడా ట్రే అంచుకి తగులుకుని వచ్చి ఉంటాయి, అది అప్పుడు చూసుకోలేదు. ఏడుపు ఆపుకుంటూ అన్నీ ఏరాను. ఘోషాల్ బాబు కూడా మోకాళ్ళ మీద పాకి ఏరాడు. కార్డులను వరసలో పేర్చే యంత్రం వేరే ఉంది, అందులో వేస్తే టోకెను నంబర్ల ప్రకారం చక్కగా సర్దుకున్నాయి. హమ్మయ్య అనుకున్నాను. సాయంత్రానికి ప్రింటరు అరిచి అరిచి జాబితా ఇచ్చింది. ఘోషాల్ బాబు దాన్ని మడత నలగకుండా రెండు చేతుల మీద పెట్టుకుని, పసిబిడ్డను తీసుకెళ్ళినట్టు, క్వార్టర్లు పంచే ఎస్టేట్ ఆఫీసుకి తీసుకెళ్ళాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా గుమ్మంలో సింహాచలం మావ కూర్చుని ఉన్నాడు. చుట్టరికం లేదు, నాన్నదీ అతనిదీ ఒక ఊరు. మా కార్ఖానాలోనే కొలిమి దగ్గర పని. జుగ్సలాయిలో ఎండుమిరపకాయల గోడౌను మీద ఒక్క గదిలో పెళ్ళాం, ముగ్గురాడపిల్లలతో ఉండేవాడు. కింద బస్తా కదిలితే పైన అందరికీ తుమ్ములు. ఆ ఇంట్లో ఎవరూ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగా నేను వినలేదు. వినడానికి నవ్వుగా ఉంటుంది గాని, అతని భార్యకి ఉబ్బసం. రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోయేది.

"అమ్మా ఎస్తేరూ," అన్నాడు లేచి నిలబడి. "లిస్టులో నాను ఇరవయ్యో ఓణ్ణి. క్వాటర్లు పంతొమ్మిది. ఒక్కటి, ఒక్కటే తేడా. అందరికన్నా పైన సుబద్ర బి అని ఎవులో ఉన్నాదట. ఎవులమ్మా ఆవిడ? ఇరవయ్యేడేళ్ళయి పని సేత్తన్నాను, నానెప్పుడూ సూడనేదు. కొలిమి కాడ అడిగినాను, క్యాంటీన్ల అడిగినాను. ఎవులికీ తెల్దు."

అది నేను మేకకి కొట్టిన కార్డు. ఖాళీ వదిలేసిన చోటును యంత్రం సున్నా అని చదువుకుంటుంది. చేరిన సంవత్సరం సున్నా. సంవత్సరానికి చివరి రెండంకెలే కొడతాం కనక, అంటే ఆ శతాబ్దం మొదలైన ఏడే మా మేక కార్ఖానాలో చేరింది. అప్పటికి కార్ఖానా కట్టలేదు, ఊరే లేదు. ఇక దానికన్నా సీనియరు ఎవరుంటారు?

"ఆవిడ పెద్దావిడ అయ్యుంటాది," అన్నాడు సింహాచలం మావ, నా మొహం చూసి తప్పుగా అనుకుని. "నాను తగువుకి రానేదు తల్లీ. ఒకమాటు ఆవిడ కాళ్ళు పట్టుకుని అడుగుదునా అని. మా ఆడమనిషి పరిస్థితి సెప్పి..."

అంతలో మామ్మ టీ తెచ్చిచ్చింది. అతను ఒక గుక్క తాగి, "పాలు బాగున్నాయప్పా, సిక్కగా," అన్నాడు. పెరట్లోంచి సుభద్ర అరిచింది. నేను లోపలికెళ్ళి దుప్పటి ముసుగు పెట్టుకుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే ఘోషాల్ బాబు ముందు నిలబడి జరిగిందంతా చెప్పేశాను. ఉద్యోగం పోతే పోయింది, ఆ తుమ్ములు నా తలకు చుట్టుకోకూడదు అనుకున్నాను. ఆయన అంతా విని టోపీ తీశాడు. ఆయన బట్టతల మొదటిసారి అప్పుడే చూశాను. "మేకా?" అన్నాడు. "నాలుగు కాళ్ళ మేకా?" అవునన్నాను. కుర్చీలో కూలబడి, "సిస్టమ్ ఒక్క మాట అడగలేదే," అన్నాడు చాలా బాధగా. సిస్టమ్ ఎందుకడుగుతుంది? కార్డు నిబంధనల ప్రకారం ఉంది. పోలమ్మయితే అడిగేది. ఆ మాట పైకి అనలేదు.

ఇద్దరం ఎస్టేట్ సాహెబు దగ్గరికి వెళ్ళాం. ఆయన లావుగా, నిదానంగా, ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చదివే మనిషి. సుభద్ర బి అనే ఉద్యోగి లేదు సార్, పొరపాటున పడిందని ఘోషాల్ బాబు చెప్పాడు.

"లేకపోతే లిస్టులోకెలా వచ్చింది?" అన్నాడు సాహెబు. "యంత్రం తప్పు చేయదని మీరే కదా నాకు రాసిచ్చారు? ఇదిగో మీ సంతకం."

"అది మనిషి కాదు సార్, మేక."

"మేకే కావచ్చు. లిస్టు గేటు దగ్గర అంటించేశాను. ఒకసారి అంటించాక పేరు కొట్టేస్తే మళ్ళీ పక్షపాతం అంటారు. నియమం ప్రకారం పేరు తీయాలంటే మూడే దారులు. చనిపోవాలి, రిటైరవ్వాలి, లేదా రాజీనామా ఇవ్వాలి."

రిటైరు చేద్దామంటే చేరి డెబ్బై ఏళ్ళు దాటినా ఇంతకాలం ఎందుకు చేయలేదని విచారణ వస్తుంది. కనక చనిపోయిందని రాసేద్దామని ఘోషాల్ బాబు మా ఇంటికొచ్చి మామ్మని అడిగాడు. మామ్మ ససేమిరా అంది.

"బతికున్నదాన్ని సచ్చిపోనాదని రాయిత్తారా? ప్రబువు సూత్తన్నాడు బాబూ. నాను ఒప్పను."

"మరి రాజీనామా, అమ్మా?"

మామ్మ ఆలోచించింది. "అందల అబద్దం ఏటున్నాది? అది ఎలాగూ పన్లోకి రాదు గదా. ఆ మాట రాయండి."

అయితే ఉద్యోగి స్వయంగా వచ్చి, సాహెబు ఎదుట వేలిముద్ర వేయాలి. ఆ రోజు మామ్మ సుభద్రకి కుంకుడుకాయ పెట్టి తలంటి, మెడలో నా రిబ్బను కట్టి, తనూ ఆదివారం చీర కట్టుకుంది. ఇద్దరూ సైకిలు రిక్షాలో కూర్చున్నారు. నేను వెనక నడిచాను. బాగ్‌బేరా నుంచి కార్ఖానా గేటు దాకా నాకు తెలిసినవాళ్ళెవరూ ఎదురుపడకూడదని ప్రార్థన చేసుకుంటూ వచ్చాను. అందరూ ఎదురుపడ్డారు.

గేటు దగ్గర సిపాయి రిక్షా ఆపి, మేక లోపలికి పోకూడదన్నాడు. "పేరు సూడు బాబూ, లిస్టుల ఉన్నాది," అంది మామ్మ. నేను టోకెను నంబరు చెప్పాను. అతను గోడకున్న జాబితా దగ్గరికి వెళ్ళి, మొదటి పేరు చదివి, వెనక్కి తిరిగి మేకను పైనుంచి కిందిదాకా చూశాడు. సీనియారిటీ అంటే అతనికి భయం. సలాం కొట్టలేదు గాని, రిజిస్టరులో "సుభద్ర బి., సొంత పని మీద" అని రాసి గేటు తీశాడు.

సాహెబు గదిలోకి సుభద్ర చాలా మర్యాదగా నడిచింది. ఆయన ఒకసారి చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని మళ్ళీ చూశాడు. గుమ్మంలో సింహాచలం మావ కూడా ఉన్నాడు. అతన్ని నేనే రమ్మన్నాను, ఆవిడను చూపిస్తానని. అతను మేకను చూశాడు, నన్ను చూశాడు. నోరు తెరిచాడు. తుమ్మాడు.

"ఈవిడేనా సుభద్ర బి?" అన్నాడు సాహెబు.

"అవును సార్."

ఆయన ఫారం తీసుకుని, గొంతు సవరించుకుని, నియమం ప్రకారం అడగాల్సిన ప్రశ్న హిందీలో అడిగాడు. "అప్నీ మర్జీ సే ఇస్తీఫా కౌన్ దే రహా హై?" ఎవరి బలవంతమూ లేకుండా ఎవరు రాజీనామా ఇస్తున్నారు?

"మేఁ," అంది సుభద్ర.

హిందీలో ‘నేను’ అనే మాటకీ మేక అరుపుకీ పెద్ద తేడా లేదు. సాహెబు తల వంచుకుని, ఫారంలో నింపడం మొదలుపెట్టాడు. పెన్ను కదలడం లేదు, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకుంది మామ్మ. తలెత్తేసరికి ఆయన కళ్ళనిండా నీళ్ళే. నవ్వు ఆపుకోలేక ఆ లావు మనిషి బల్ల పట్టుకుని కుర్చీలోంచి సగం జారాడు. తరువాత ఘోషాల్ బాబు మొదలుపెట్టాడు. మామ్మ ఒక్కతే నవ్వలేదు. సుభద్ర ముందుకాలు ఎత్తి, ఊదారంగు సిరా దిండు మీద ఒత్తి, ఫారం మీద శుభ్రంగా ముద్ర వేయించి, "ఇంకేటైనా ఉన్నాదేటి బాబూ?" అంది.

ఆ మధ్యాహ్నం పేరు తీసేసే కార్డును ఘోషాల్ బాబు తన చేత్తో కొట్టాడు. జాబితా మళ్ళీ వచ్చింది. సింహాచలం మావ పంతొమ్మిదోవాడు. నెల తిరక్కుండా కొత్త క్వార్టరులోకి మారాడు. వాళ్ళావిడ పడుకుని నిద్రపోవడం మొదలుపెట్టింది. గృహప్రవేశానికి మమ్మల్నందరినీ పిలిచి, మామ్మకి చీర పెట్టి, సుభద్రకి రావి కొమ్మ తెచ్చి ముందు పెట్టి దండం పెట్టాడు. "నా కోసం ఇల్లొదిలీసినాదమ్మా," అని వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు. ఎవరికీ అర్థం కాలేదు, అందరూ మేకకి దండం పెట్టారు.

నా ఉద్యోగం పోలేదు. ఘోషాల్ బాబు శిక్ష మాత్రం వేశాడు. సిస్టమ్ తాలూకు ఇంగ్లీషు పుస్తకాలు తలగడంత లావువి ఆరు నా ముందు పెట్టి, ఖాళీని సున్నాగా ఎందుకు చదువుతుందో, చదవకుండా ఎలా ఆపాలో కనిపెట్టి చెప్పేదాకా పంచింగ్ బల్ల దగ్గరికి రావద్దన్నాడు. మూడు నెలలు పట్టింది. అప్పటికి ఆ పుస్తకాల రుచి తగిలింది. చివరికి చిల్లుల బల్ల వైపు మళ్ళీ వెళ్ళనే లేదు, యంత్రం ఎదుట కుర్చీలో కూర్చున్నాను. ఆ గదిలో ఆపరేటరుగా కూర్చున్న మొదటి ఆడపిల్లను నేనే. అక్కడి నుంచి ఎన్ని మారాయో. కార్డులు పోయి టేపులు, టేపులు పోయి గుండ్రటి డిస్కులు, తరువాత ప్రతి బల్ల మీదా ఒక తెర. బీరువాలు చిక్కిపోతూ వచ్చాయి, ఘోషాల్ బాబులాగే. ప్రతిసారీ పాతదానిలో ఉన్నదంతా కొత్తదానిలోకి ఎక్కించేవాళ్ళం, అద్దె ఇల్లు మారేటప్పుడు సామాను మోసినట్టు, పనికొచ్చేదీ పనికిరానిదీ అన్నీ.

"నువ్వు పనిసేసీ మిసను ఎక్కడున్నాదే?" అని అడిగాను జెస్సీని.

"పతా నహీ నానీ. కహీఁ హోగీ." ఎక్కడో ఉంటుందట. జెస్సీ ఆ యంత్రాన్ని ఎప్పుడూ చూడలేదు. తన పై అధికారీ చూడలేదు. మాకు యంత్రం ఎక్కడుందో తెలుసు. దాని చలి తెలుసు, దాని అరుపు తెలుసు, అది తప్పు చేస్తే ఎవరి గదికి నడవాలో తెలుసు. మొన్న గ్యాసు వాళ్ళ జాబితాలో నా పేరు తప్పు పడింది. ఫోను చేస్తే ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, చివరికి ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. అప్పటి యంత్రం ఇప్పటిదాని కాలిగోటికి సరిపోదు, నిజమే. కానీ మేకను తోలుకెళ్ళి చూపిద్దామంటే ఎదురుగా కళ్ళజోడు తుడుచుకుని చూసే మనిషి ఒకడుండేవాడు.

నేను రిటైరైన రోజు రికార్డుల సెక్షనులో అమ్మాయి నా సర్వీసు వివరాలు తెర మీద తీసి చూపించింది. పేరు, టోకెను నంబరు, చేరిన తేదీ, ఇన్నేళ్ళ చాకిరీ, అంతా నాలుగు వరసల్లో ఉంది. చివర ప్రవర్తన అన్నచోట "సంతృప్తికరం" అని ఉంది. ఎందుకో బుద్ధి పుట్టి, ఇంకో నంబరు చెప్పి కొట్టమన్నాను. నోటికొచ్చినట్టు వేసిన ఆ నంబరు నేనెప్పటికీ మరిచిపోను. అప్పటికి మామ్మ లేదు, నాన్న లేడు, ఘోషాల్ బాబు లేడు. తెర ఒక్క క్షణం ఆలోచించింది. సుభద్ర బి. స్వచ్ఛందంగా రాజీనామా. ప్రవర్తన సంతృప్తికరం.

"ఎవరు మేడమ్ ఈవిడ?" అంది ఆ అమ్మాయి.

"నాకన్నా సీనియరు," అన్నాను.